ఆరో డబ్బా

రీలు పోయింది. అది ఉండాల్సిన డబ్బా మాత్రం డ్రైవర్ బండి డిక్కీలో దొరికింది. ఆ ఒక్క డబ్బాతో ఇంటి సెక్యూరిటీ చూసే జహాంగీర్ కేసు ముగించేసి, ఆదివారం సాయంత్రం నాలుగింటికి పోలీసుల్ని రమ్మన్నాడు. విజయరాణి దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఆ ఇంటి గేటు ముందు కారు దిగేసరికి పన్నెండున్నర అయింది.

జగిత్యాలలో పదకొండేళ్లు ఎస్సైగా చేసి, ఉద్యోగం వదిలేసి వచ్చిన మనిషి ఆమె. దోహాలో ఆరేళ్లుగా బీమా కంపెనీల తరఫున దొంగతనాలు విచారించే ఆఫీసులో పనిచేస్తోంది. ఆమె సంతకం లేనిదే ఏ క్లెయిమూ కదలదు. అంతకుమించి ఆమె చేతిలో ఏ అధికారమూ లేదు. ఎవరినీ అరెస్టు చేయలేదు, ఎవరినీ విడిపించలేదు.

డ్రైవర్ తిరుపాలును గేటు పక్క గదిలో పెట్టి బయట గడియ వేశారు. రాయచోటి దగ్గరి పల్లె అతనిది. ముప్పై నాలుగేళ్లు. గదిలో ఏసీ పనిచేయడం లేదు. బయట నలభై ఆరు డిగ్రీలు.

"శుక్రవారం పొద్దటి సంది చెప్పు తిరుపాలూ," అంది విజయరాణి. "గడియారం చూసిన కాడ టైం చెప్పు. చూడని కాడ చూడలేదని చెప్పు."

"పదకొండున్నరకి ఇంటాయన బాబా, పిల్లోల్లు నమాజుకి పోయినారు మేడమ్, వాళ్ల బండిలో. మామా, అదే ఇంటామె, నన్ను లబన్ మజ్జిగ తెమ్మనింది. పదకొండు యాభై రెండుకి బయల్దేరినా."

"యాభై రెండని అంత కచ్చితంగ ఎట్ల తెలుసు?"

"డ్రైవర్ని కదా మేడమ్. లేటయితే తిట్లు తినేవోనికి నిమిషాలు గూడా గుర్తుంటాయి. తిరుక్కోనొచ్చింది పన్నెండు నలభైకి. ముందర నీడలో సుట్టాల బండ్లకి చోటు ఇడిసిపెట్టమన్న్యారు. సరేలెమ్మని యెనకమాల షెడ్డులో పెట్టి అన్నానికి పోయినా."

"తాళం?"

"బండ్లోనే. ఇంజనూ ఆపల్యా, ఏసీ ఆపల్యా. ఒంటిగంటకో రెండింటికో మామా పోదామంటాది. బండి కాలిపోతా ఉంటే ఆయమ్మ ఎక్కదు. ఒంటిగంటా ఇరవైకి సుట్టాలు పోయినాక ముందరికి తెచ్చి పెట్టినా."

"రోజూ వెనక షెడ్డులనే పెడతవా?"

"ల్యా మేడమ్. ఆ పొద్దు ఒక్కరోజే."

విజయరాణి రాసుకుంది. పన్నెండు నలభై నుంచి ఒంటిగంటా ఇరవై. వెనక షెడ్డు. తలుపు తెరిచి ఉంది, తాళం లోపల ఉంది.

"పోలీసోల్లకి ఇస్తే ఎన్నాళ్లు ఏస్తారు మేడమ్?"

అతనికి అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. "ఖరీదైన వస్తువు. మూడేండ్లు పడచ్చు."

తిరుపాలు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "మా పాపకి అప్పటికి పదో తరగతి అయిపోతాది," అన్నాడు. "మేడమ్, రెండ్రోజులాయ ఇంటికి ఫోన్ చేసి. ఫోన్ ఆ సెక్యూరిటీ ఆయప్ప గుంజుకున్న్యాడు. నాకు యాక్సిడెంట్ అయిందని అనుకుంటా ఉంటారు. ఒక మాట చెప్పిస్తారా?"

ఆమె నంబరు రాసుకుని బయటికి వచ్చింది. వరండాలో జహాంగీర్ నిలబడి ఉన్నాడు. పాతబస్తీ మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. ఈ ఇంటికి, చుట్టుపక్కల మరో తొమ్మిది ఇళ్లకు కాపలా అతని కంపెనీదే.

"ఏం మేడమ్, ఏడ్చిండా?"

"లేదు."

"ఏడుస్తడు లెండి. నాలుగింటి దాంక టైమ్ ఉన్నది. డబ్బా దొరికింది, బండి దొరికింది, డ్రైవర్ దొరికిండు. ఇంకేం కావాలె? మీ పాత అలవాటు పోలేదు. అక్కడ ఎస్సై ఉండచ్చు, ఇక్కడ మీరు ఉత్త గుమస్తా. సంతకం పెట్టుర్రి, ఎండల పడి తిరగకుర్రి."

"నువ్వు అక్కడ ఏముంటివి జహాంగీర్?"

హోంగార్డు ఉద్యోగంలోంచి అతన్ని తీసేశారని ఆమెకు తెలుసు. తెలుసని అతనికీ తెలుసు.

*

లెనార్డ్ హేల్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. ఎడమ చెవి తమ్మె సగం లేదు. ఇంటి యజమాని అహ్మద్ అలీ అతిథిగా వారం కిందట ఇంగ్లండ్ నుంచి వచ్చి, ముందు వైపు అతిథి గదిలో దిగాడు. పాత సినిమా రీళ్లు పోగుచేయడం అహ్మద్ అలీ సరదా. లండన్ వేలంలో కొన్న ఆరో డబ్బాలో ఉన్నది అసలుదో నకిలీదో తేల్చి చెప్పమని హేల్‌ను పిలిపించాడు. అది తీసింది హేలే.

"టానరీ రో అంటే ఏమిటో మీకు తెలుసా?" అని అడిగాడు హేల్ ఇంగ్లిష్‌లో.

"దారిలో ఫైలు చదివాను. మీ నోటితో చెప్పండి."

"టెలివిజన్ సీరియల్. ఆరు భాగాలు. డెబ్బై ఆరులో వచ్చింది. ఒక ఫ్యాక్టరీ ఊళ్లో గ్యాంగ్‌స్టర్లు. మీ దేశం నుంచీ పాకిస్తాన్ నుంచీ మనుషుల్ని ట్యాంకర్లలో దాచి తెచ్చి ఫ్యాక్టరీలకు అమ్ముతారు. రెండో భాగానికే గొడవ మొదలైంది. మీవాళ్లు స్టూడియో ముందు బైఠాయించారు. మమ్మల్ని దొంగలుగా, పశువులుగా చూపిస్తున్నారన్నారు. ఐదు భాగాలు వేసి ఆపేశారు. ఆరోది కాల్చేయమని ఆర్డరు. ఒక రీలు ఎవరో దాచారు."

"అందులో గ్యాంగ్‌స్టర్ల వేషాలు ఎవరు వేశారు?"

"ఇద్దరు తెల్లవాళ్లు, ఒక పంజాబీ. పంజాబీ వేషం కూడా తెల్లవాడే వేశాడు. ముఖానికి రంగు పూశాం. అప్పట్లో అది తప్పు కాదు."

"ట్యాంకర్‌లో కుక్కిన మనుషులు?"

"వాళ్లు నిజమైనవాళ్లు. కార్మికుల హాస్టల్ నుంచి పట్టుకొచ్చాం. నటులకు ఆ ముఖాలు రావు."

"వాళ్ల పేర్లు?"

"టైటిల్స్‌లో నలుగురు వలసదారులు అని వేశాం."

విజయరాణి కలం ఆపింది. "వాళ్లలో ఒకతను షూటింగ్‌లో ఊపిరాడక చనిపోయాడని అప్పట్లో పేపర్లు రాశాయి."

"హాస్టల్ గదిలో గుండెపోటుతో పోయాడు. పేపర్లకు ఏదో ఒకటి కావాలి." హేల్ గ్లాసులో నీళ్లు తాగాడు. "గురువారం సాయంత్రం డబ్బా మూత తీసి చూశాను. వెనిగర్ వాసన గుప్పుమంది. ఆ కాలపు ఫిల్ము కుళ్లితే అలాగే కంపు కొడుతుంది. ఆదివారం ప్రొజెక్టరు మీద వేసి చూద్దామన్నాం. ఈలోగా పోయింది."

"శుక్రవారం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. తలనొప్పి. పదకొండున్నరకు మాత్ర వేసుకుని పడుకున్నాను. రెండింటికి ఇంటివాళ్ల అరుపులకు లేచాను."

"మధ్యలో గది దాటారా?"

"కిటికీ తెర కూడా తీయలేదు."

ఆమె లేచి గుమ్మం దాకా వచ్చాక హేల్ వెనక నుంచి అన్నాడు: "ఆ డ్రైవర్‌ను అడగండి. రోజూ ముందు పెట్టే బండి ఆ రోజు వెనక షెడ్డులో ఎందుకు పెట్టాడో."

"అడుగుతాను," అంది విజయరాణి. గడియారం చూసి, ఆ మాటను అతను అన్నది అన్నట్టే రాసుకుంది. ఒకటీ ముప్పై నాలుగు.

*

రీళ్ల గది ఇంటి మధ్యలో ఉంది. కిటికీల్లేవు. చలికి ఆమె చున్నీ భుజాల నిండా కప్పుకుంది. నాలుగు ఇనుప అరలు, వాటి మీద డబ్బాలు. జహాంగీర్ తలుపుకు చేరగిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"తాళాలెన్ని?"

"మూడు. ఒకటి అహ్మద్ అలీ సాబ్ దగ్గర. ఒకటి మెహమాన్ హేల్ సాబ్‌కు ఇచ్చిర్రు. ఒకటి వంటింట్ల మేకుకు ఉంటది, శుక్రవారం శుక్రవారం వంటామె ఊడ్వనీకె."

"నడవలో కెమెరా ఉన్నది కద. ఏం చూపిస్తది?"

"శుక్రవారం పదకొండు నుంచి రెండింటి దాంక రికార్డింగ్ లేదు. హార్డ్ డిస్క్ నిండింది."

"పదకొండింటికి నిండిన డిస్కు రెండింటికి ఎట్ల ఖాళీ అయింది?"

"మా లడ్కా చూసి క్లీన్ చేసిండు. మేడమ్, మిషన్ అన్నంక గిట్లనే ఉంటది." జహాంగీర్ చేయి ఊపాడు. "రీలు ఇప్పటికి ఏ సూఖ్ బజార్లనో అమ్ముడుపోయింది. డ్రైవర్ కొట్టేసిండు, ఎవనికో ఇచ్చిండు, డబ్బా పడేసే టైమ్ దొరకలేదు. ఖతం."

"తిరుపాలు బండి వెనక షెడ్డుల పెట్టిన సంగతి హేల్‌కు నువ్వు చెప్పినవా?"

"వెనక షెడ్డేంది? శుక్రవారం నాలుగింటికి మేం డిక్కీ తెరిచినప్పుడు బండి ముందరనే ఉన్నది. ఎవనికేం చెప్తం?"

విజయరాణి గోడకు వేలాడుతున్న జాబితా తీసుకుని డబ్బాలు లెక్కపెట్టింది. కింది అరలో అల్ షహానియా ఒంటె పందేల పాత ఫిల్ములు. జాబితాలో పద్నాలుగు ఉంటే అరలో పదమూడే ఉన్నాయి. తొమ్మిదోది లేదు. దాని చోట అర మీద తుప్పు పొడి గుండ్రంగా మిగిలి ఉంది.

"ఇది కూడ పోయింది," అంది.

జహాంగీర్ నవ్వాడు. "ఒంటెల డబ్బా ఎవడు ఎత్కపోతడు మేడమ్? వాళ్లే ఏడనో పెట్టి మర్చిపోయిర్రు. మీకు పని లేక డబ్బాలు లెక్కపెడుతుర్రు. గేటు కాడ నేను మనుషుల్ని లెక్కపెడుత. అదే తేడా."

"ఒకటి తక్కువైతే నీకు తెలుస్తదా?"

"ఇరవై ఏండ్లల తక్కువ కాలేదు."

*

అతిథి గది కిటికీ నుంచి ఈత చెట్లు, ప్రహరీ గోడ కనిపిస్తాయి. అంతే. విజయరాణి తెర తీసి చూసి, ఇల్లు చుట్టి వెనక్కి వెళ్లింది. షెడ్డుకు మూడు వైపులా రేకులు. నోరు తోట వైపు ఉంది. అందులో బండి ఉందో లేదో వంటింట్లోంచి కనపడదు. మేడ మెట్ల మీంచీ కనపడదు. ఆమె నడుచుకుంటూ, ఆగి వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయింది. షెడ్డు లోపలంతా కనిపించిన చోట కాళ్ల ముందు ఒక గుంత ఉంది. శీతాకాలంలో చుట్టాలు వస్తే మాంసం కాల్చే కబాబ్ గుంత. ఆగస్టులో దాని జోలికి ఎవరూ పోరు.

గుంతలో బూడిద ఉంది.

రెండూ ఇరవై. ఆమె పుల్ల తీసుకుని కెలికింది. కొంత కరిగి రాళ్లకు అంటుకుని నల్లగా గట్టిపడింది. రాళ్ల సందున గోరంత వెడల్పున్న ముక్కలు మూడు కాలకుండా మిగిలాయి. ఒకటి తుడిచి ఎండకు ఎత్తి పట్టుకుంది. వరసగా చిన్న చిన్న బొమ్మలు. సన్నటి కాళ్లు నాలుగు. పైన మెడ, వీపు మీద ఒక పిల్లవాడు. రెండో ముక్కలోనూ అంతే. ఒంటెలు.

ఆమె అక్కణ్నుంచి మళ్లీ షెడ్డు వైపు చూసింది. ఆ రోజు బండి అందులో ఉందని తెలియాలంటే ఇక్కడే నిలబడి ఉండాలి. హేల్ పడుకోలేదు. ఇక్కడ నిలబడి రీలు తగలబెడుతుండగా, పన్నెండు నలభైకి తిరుపాలు బండి తెచ్చి ఎదురుగా షెడ్డులో పెట్టి పోయాడు. హేల్ ఖాళీ డబ్బా అందులో పడేశాడు. అక్కడిదాకా గాడిలో పడింది. కాని హేల్ తీసుకున్నది ఆరో డబ్బా, తగలబెట్టింది ఒంటెల్ని. డబ్బా మారలేదు. లోపలిది మారింది. ఆ సంగతి హేల్‌కు ఇప్పటికీ తెలియదు.

ఆమె ముక్కల్ని కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. బూడిద మళ్లీ కప్పింది. ఎవరికీ చెప్పలేదు.

*

హనుమక్కకు యాభై దాటాయి. కదిరి వైపు మనిషి, ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. విజయరాణి వంటింట్లోకి వచ్చేసరికి ఎసరు పెడుతోంది.

"హనుమక్కా, శుక్రవారం ఆ చల్ల గది నువ్వే ఊడ్చినవు కద?"

"ఊడ్చినా. రోంత సేపే."

"తుప్పు పట్టిన డబ్బా ఒకటి ఉండె. ఏడ పారేసినవు?"

గరిటె ఆగింది. హనుమక్క వెనక్కి తిరగలేదు.

"నేను నిన్ను పట్టియ్యనీకె రాలేదు. తిరుపాలును నాలుగింటికి తీస్కపోతరు. ఇప్పుడు రెండూ నలభై."

"నాకేం తెల్దు తల్లీ."

"తెలువకపోతే తుప్పు డబ్బా అన్నంక చెయ్యి ఎందుకు ఆగింది?"

హనుమక్క కిందికి చతికిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. "పులుపు కంపు కొట్టింది మ్మా. గదంతా. ఏమిటా అని ఒక్కోటీ మూత తీసి చూస్తే, ఆ తెల్లాయన చూసిన డబ్బాలోదే కంపు. ఊరగాయ బూజు పట్టేకి ముందర అట్లనే కొడతాది. ఎండ తగిలితే సరిపోతాదనుకున్న్యా. చుట్ట బయటికి తీసి, మిద్దె మీద గుడ్డ పరిచి, మాగాయ ముక్కలు పెట్టినట్ల పెట్టినా. డబ్బా కడిగి తుడిచినా."

"ఎన్నింటికి?"

"పదింటప్పుడు."

"తర్వాత ఆ డబ్బా అరల ఎందుకు పెట్టినవు? చుట్ట మిద్దె మీదనే ఉన్నది కద."

"పెట్టకపోతే యాడబోయిందంటారు. పెడితే ఉత్త డబ్బా యెట్ల పెడతామమ్మా?" హనుమక్క మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఎవురింటి గిన్నె అయినా ఉత్తది తిరిగియ్యం. రోంత చక్కెరన్నా ఏసి ఇస్తాం. ఆ పక్కన ఒక డబ్బా తుప్పు పట్టి మూతగూడా పట్టడంల్యా. దాంట్లో చుట్ట తీసి దీంట్లో పెట్టినా. మంచి డబ్బాలో ఉంటాదిలే, సాయంత్రం సర్దుకుందామనుకున్న్యా. తుప్పుది చెత్తలో ఏసినా."

వెనిగర్ వాసన రాని రీలు చేతికి తగిలినా హేల్ కనిపెట్టలేదు. దొంగతనానికి వచ్చినవాడు వాసన చూడడు, పేరు చూస్తాడు.

"దొంగతనం అని అరుపులు లేచినంక ఎందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను పంపిస్తారు. మిద్దె మీద ఆ చుట్ట వంకర్లు తిరిగింది, అంచులు ముడుసుకున్న్యాయి. నేనే చెడగొట్న్యాననుకున్న్యా." ఆమె గొంతు తగ్గింది. "తిరుపాలు మొగోడు, తట్టుకుంటాడనుకున్న్యా. రెండు పూటలూ నేనే అన్నం పెట్టొచ్చినా ఆ గదికి. నా ముఖం చూసి, అక్కా నువ్వన్నా తిన్న్యావా అన్న్యాడు. చెప్పల్యాకపోతి."

విజయరాణి ఆమెను ఓదార్చలేదు. ఓదార్చే పని ఆమె ఎన్నడో మానేసింది. "చుట్ట ఏది?"

హనుమక్క బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చేయి పెట్టి, సంచిలో చుట్టిన రీలు పైకి తీసింది.

కిటికీ దగ్గర ఇద్దరూ చెరో కొస పట్టుకుని సాగదీశారు. ఫిల్ము అలలు తిరిగి ఉంది కాని బొమ్మలు పోలేదు. విజయరాణి కళ్లజోడు పెట్టుకుని ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోయింది. ట్యాంకరు. పైన గుండ్రటి మూత. లోపలికి దిగుతున్న మనుషులు, ఒకరి తర్వాత ఒకరు నలుగురు. మూత పడింది. ఆ తర్వాత కెమెరా ఆగాలి. ఆగలేదు. మూత రెండు వేళ్ల ఎత్తు లేచింది. సందులోంచి ఒక చేయి బయటికొచ్చింది. అప్పుడు పక్క నుంచి ఒకడు వచ్చాడు. వేషం వేసుకున్నవాడు కాదు. మెడలో స్టాప్‌వాచ్ ఉంది. వచ్చి మూత మీద కూర్చున్నాడు. చేయి ఇంకా బయటే ఉంది. అతను కెమెరా వైపు చూసి, తీస్తూ ఉండమన్నట్టు వేలు గుండ్రంగా తిప్పాడు.

యాభై ఏళ్లు తక్కువ. చెవి తమ్మె మాత్రం అప్పటికే సగం లేదు.

తర్వాతి బొమ్మల్లో చేయి కదలడం మానేసింది.

"సినిమానా అమ్మా ఇది?" అంది హనుమక్క.

"కాదు."

"ఆ చెయ్యి ఎవురిది?"

"పేరు రాయలేదు."

విజయరాణి ఫోన్‌తో మూడు ఫోటోలు తీసింది. రీలు మళ్లీ సంచిలో పెట్టించింది. "డ్రమ్ముల ఉంచు. నేను అహ్మద్ అలీని పిలుస్త. ఆయన వచ్చేదాక ఈ గది దాటకు, ఎవ్వలు పిలిచినా పోకు."

"తిరుపాలును ఇడుస్తారా?"

"విడవాలె," అంది. ఆ మాట ఆమెకు కూడా నమ్మకంగా వినిపించలేదు.

*

అహ్మద్ అలీ దోహాలో ఉన్నాడు. ఫోన్‌లో అంతా విని, నాలుగున్నరకు వస్తానన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చేసరికి జహాంగీర్ బల్ల మీద ఒక కాగితం పరిచి కూర్చున్నాడు. మూడూ ఇరవై ఐదు.

"అయిపోయింది మేడమ్. డ్రైవర్ ఒప్పుకున్నడు."

కాగితం నిండా అరబ్బీ. కింద తెలుగులో ఒక్క సంతకం, తిరుపాలు. అక్షరాలు వంకర లేకుండా, బడిలో రాసినట్టున్నాయి.

"ఇందుల ఏమున్నదో అతనికి చదివి చెప్పినవా?"

"చెప్పిన. సంతకం పెడితే ఫోన్ ఇస్త అన్న. పెట్టిండు." జహాంగీర్ కలం ముందుకు తోశాడు. "ఇక్కడ గవాహ్, అంటే సాక్షి సంతకం మీది. కంపెనీ మనిషి గవాహ్ ఉంటే పోలీసులు ఇంకేం అడగరు."

"ఫైలుకు ఫోటో తీసుకుంట."

"తీసుకోర్రి. పది తీసుకోర్రి."

ఆమె ఫోటో తీసి అల్ దోహా అల్ జదీదాలోని తన ఆఫీసుకు పంపింది. అక్కడ అరబ్బీ కాగితాలు చదివి పెట్టేది ఖమర్ సుల్తానా. బోధన్ అమ్మాయి. ఐదు నిమిషాలకు వాయిస్ మెసేజ్ వచ్చింది. విజయరాణి ఫోన్ చెవికి ఆనించుకుని వరండాలోకి నడిచింది.

"రాణక్కా, పైన టైమ్ ఒకటీ పదిహేను అని ఉన్నది. చదువుతున్న విను. నేను తిరుపాలును, రీలు దొంగిలించి, అమ్ముదామంటే కుదరక ఇంటి వెనక కబాబ్ గుంతల కాలబెట్టిన. గది తాళం నాకు వంటమనిషి హనుమక్క ఇచ్చింది. ఇద్దరం కలిసి చేసినం. అంతే అక్కా. ఎవరక్కా ఈ హనుమక్క?"

ఒకటీ పదిహేను. ఆ సమయానికి ఆమె హేల్ ఎదురుగా కూర్చుని ఉంది. గుంత దగ్గరికి ఆమె వెళ్లింది రెండూ ఇరవైకి. అంతకుముందు, రీళ్ల గదిలో, రీలు సూఖ్‌లో అమ్ముడుపోయిందని చెప్పిన మనిషి అప్పటికే అది గుంతలో కాలిందని రాసి పెట్టుకున్నాడు. కెమెరా మూడు గంటలు ఊరికే గుడ్డిది కాలేదు. హేల్ అతనికి ఏం ఇచ్చాడో, ఏం ఇస్తానన్నాడో తర్వాతి సంగతి. దొంగ చేతికే తాళాలిచ్చి ఈ ఇంటివాళ్లు నమాజుకు పోయారు.

కాగితంలో రెండో పేరు హనుమక్క.

విజయరాణి వంటింటికి పరుగెత్తింది.

స్టవ్ వెలుగుతోంది. గంజి పొంగి పొయ్యి మీద పడి మాడుతోంది. బియ్యం డ్రమ్ము బోర్లా పడి ఉంది. బల్ల మీదా నేల నిండా బియ్యం. సంచి లేదు. కిటికీ దగ్గర ఇద్దరూ రీలు సాగదీస్తుంటే బయటి నుంచి ఎవరో చూసి ఉండాలి. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. గడప పక్కన హనుమక్క చెప్పులు ఉన్నాయి, జతగా విడిచినవి విడిచినట్టే.

"ఆమె సామాన్ సర్దుకోనీకె పోయింది." జహాంగీర్ ఆమె వెనకే వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. అతని వెనక ఇద్దరు గార్డులు నిలబడ్డారు. "ఆమెది కూడ పోలీసుల బండే. మీరేం పరేషాన్ కాకుర్రి. సంతకం చేయుర్రి మేడమ్. నాలుగైతుంది."

అరిస్తే అతను కాగితం చింపేస్తాడు. చింపితే తిరుపాలుకు ఇంకో కాగితం రాస్తాడు, ఈసారి టైమ్ సరిచూసుకుని. విజయరాణికి అది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె స్టవ్ ఆపింది. చేయి తుడుచుకుంది.

"కలం ఇటియ్యి."

బల్ల మీద బియ్యం పక్కకు నెట్టి, సాక్షి అని ఉన్న చోట తెలుగులో రాసింది. 'ఈ కాగితం మధ్యాహ్నం ఒకటీ పదిహేనుకు తయారైంది. ఇందులోని గుంతను నేను రెండూ ఇరవైకి కనుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. రాసినవాడికి దొంగ ఎవరో తెలుసు. తిరుపాలు నిర్దోషి. హనుమక్కను బలవంతంగా తీసుకుపోయారు.' కింద సంతకం, తేదీ, టైమ్ వేసింది.

జహాంగీర్ కాగితం ఎత్తి చూశాడు. "ఇంత పొడుగు సంతకమా?"

"మా దిక్కు తండ్రి పేరు, ఊరి పేరు, మండలం గూడ రాస్తం."

"జగిత్యాలోల్లకు ఊరి పిచ్చి ఎక్కువ," అని నవ్వాడు. అతని బడి ఉర్దూ బడి. తెలుగు అతనికి నోటికే వచ్చు. ఏం సంతకం చేస్తున్నాడో తిరుపాలుకు ఎంత తెలుసో, ఏం తీసుకుపోతున్నాడో జహాంగీర్‌కూ అంతే తెలుసు. కాగితం మడిచి కవర్లో పెట్టి, గార్డులతో గేటు వైపు నడిచాడు. అక్కడ పోలీసు బండి వచ్చి ఆగిన చప్పుడైంది. మూడూ యాభై ఎనిమిది.

ఇక స్టేషన్‌లో ఎవరో ఒకరు ఆ నాలుగు వరసల్ని చదవాలి. విజయరాణి నడుస్తూనే ఖమర్‌కు మెసేజ్ పెట్టింది. "ఉమ్ సలాల్ స్టేషన్‌కు పో. కాగితం కింద నేను రాసింది వాళ్లకు అరబ్బీల చదివి చెప్పు. ఇప్పుడే." తర్వాత హనుమక్క చెప్పులు చేతిలోకి తీసుకుని వెనక తలుపు దాటింది.

ఇసుకలో పాదాల గుర్తులు ఉన్నాయి. చెప్పుల్లేని పాదాలు. వాటికి రెండు వైపులా బూట్లు. పదిహేను అడుగుల దూరం పోయాక పాదాల గుర్తులు ఆగిపోయి, అక్కణ్నుంచి రెండు గీతలు మొదలయ్యాయి, ఈడ్చినట్టు. గీతలు షెడ్డు దాకా పోయాయి. షెడ్డులో బండి లేదు, తాజా టైరు గుర్తులు మాత్రం ఉన్నాయి. ఆమె వాటి వెంట నడిచింది. అవి పోలీసులున్న గేటు వైపు పోలేదు. తోట వెనక తడిక తీసి ఉంది. గుర్తులు దాంట్లోంచి బయటపడి, అల్ షహానియా ఎడారి దారి వైపు తిరిగాయి.

ఆమె ఇల్లు చుట్టి ముందు వైపు అతిథి గది దగ్గరికి పరుగెత్తింది. తలుపు తెరిచి ఉంది. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. హేల్ లేడు, పెట్టె లేదు.